మనిషి పోయిన దుఃఖంలో ఉన్నప్పుడు రోజూ 20 నిమిషాలు చెట్టు కింద కూర్చోవడం ఎలా

మా నాన్న పోయి మూడేళ్ళు దాటింది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరైనా పోయిన స్నేహితులు, చుట్టాలు, చుట్టాల చుట్టాలు నాకు ఫోన్ చేసి అడిగేది దాదాపు ఒకటే. "ధ్యానం చెయ్యమంటున్నారు, కళ్ళు మూసుకుంటే ఐసీయూ బెడ్డే కనబడుతోంది, నువ్వేం చేశావ్?" లేదంటే "పార్కుకెళ్ళు, పచ్చదనం చూస్తే మనసు తేలికవుతుందన్నారు, వెళ్ళాను, ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది." అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకని నేను చేసింది చేసినట్టు రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, దీనివల్ల దుఃఖం పోదు. నాకూ పోలేదు. జరిగేదేంటంటే, రోజులో ఒక 20 నిమిషాలు ఆ దుఃఖం పక్కనే ఉండగా ఇంకోదాన్ని కూడా చూడగలుగుతారు, ఒక చీమనో, ఒక పిట్టనో, నీళ్ళ మీద గాలినో. నేను చెప్పేదంతా ఆ "కూడా" గురించే.

దీన్నే మైండ్‌ఫుల్‌నెస్ అంటారు, ఎదుట ఉన్నదాన్ని మనసుపెట్టి గమనించడం. దానికి ఏదో క్లాసుకెళ్ళి నేర్చుకోవాలని భయపడకండి. కర్మ రోజున పిండం పెట్టి, నాలుగడుగులు వెనక్కొచ్చి నిలబడి కాకి కోసం చూశారు కదా. ఎప్పుడూ ఫోన్ వదలని మా తమ్ముడు కూడా ఆ పావుగంట కన్ను తిప్పలేదు. ఎక్కడ వాలింది, ఎటు మెడ తిప్పింది, దగ్గరకొచ్చి ఎందుకు వెనక్కి గెంతింది, అంతా చూశాం. ఆ చూపే కావాలి మనకి. అప్పుడు కాకి ముట్టుతుందా లేదా అని టెన్షన్ ఉండింది, ఇప్పుడు ఆ టెన్షన్ లేకుండా చూడాలి, అంతే తేడా.

ఏం కావాలి

- ఒక చెట్టు, లేదా చెరువు గట్టు, కాలవ ఒడ్డు. ఏదో ఒకటే, రోజుకొకటి కాదు.
- కూర్చోవడానికి పాత దుప్పటి. మోకాళ్ళ నొప్పులుంటే మడత కుర్చీ.
- నీళ్ళ సీసా, ఒక తువ్వాలు. చేతిరుమాలు సరిపోదు, నిజంగా.
- అలారం కోసం ఫోన్. సైలెంట్‌లో పెట్టి సంచిలో వేసెయ్యండి.
- జేబులో పట్టే నోటుబుక్కు, పెన్ను.

యోగా మ్యాటు, యాప్, ఇయర్‌ఫోన్స్, ఫ్లూటు మ్యూజిక్ అక్కర్లేదు. ముఖ్యంగా ఇయర్‌ఫోన్స్ వద్దు, ఎందుకో చెవుల సంగతి వచ్చినప్పుడు చెప్తాను.

ఎప్పుడు మొదలుపెట్టాలి

పెద్దకర్మ అయ్యేదాకా ఆగండి. ఆ పదకొండు, పన్నెండు రోజులు ఇల్లంతా జనం, ఎవరో ఒకరు అన్నం తినిపిస్తుంటారు, ఎవరో పక్కనే పడుకుంటారు, అప్పుడు ఇది అవసరం రాదు. అందరూ బస్సులెక్కి వెళ్ళిపోయాక, ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు కూడా వినబడే ఒక పొద్దుంటుంది చూశారూ, అప్పుడు మొదలుపెట్టండి.

మీరు అసలు తిండి తినడం మానేసినా, రాత్రుళ్ళు వరసగా నిద్ర లేకపోయినా, "నేనూ పోతే బాగుండు" అన్న ఆలోచన వస్తున్నా, ముందు చెట్టు కాదు, డాక్టరు. మనసు బాగాలేనివాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన ఫోన్ లైను టెలీ మానస్, నంబరు 14416, డబ్బులు అక్కర్లేదు, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఆలోచన వచ్చినవాళ్ళు ఒంటరిగా చెరువు గట్టుకో, నది ఒడ్డుకో అస్సలు వెళ్ళొద్దు.

ఇక పని

1. చోటు చూసుకోండి. ఇంటి నుంచి నడిచి పది నిమిషాల లోపు ఉండాలి. దుఃఖంలో ఉన్నప్పుడు బండి తీయడం, పార్కింగు వెతకడం ఇవన్నీ కొండంత పనులు, దూరమైతే మూడోరోజు మానేస్తారు. నేను మా కాలనీ పార్కులో మూల మీదున్న కానుగ చెట్టు ఎంచుకున్నాను, దాని పక్కనే ట్రాన్స్‌ఫార్మరు, అటువైపు ఎవరూ రారు, వచ్చినా ఆగరు. హైదరాబాదులో కేబీఆర్ పార్కు దగ్గరుంటే మంచిదే, నెమళ్ళ అరుపు వినబడుతుంది, కానీ వాకర్ల రద్దీ లేని పక్కదారిలో బెంచీ చూసుకోండి, లేకపోతే తెలిసినవాళ్ళు ఆగి "ఎలా జరిగిందమ్మా" అని మొదటినుంచీ చెప్పిస్తారు. విశాఖలో ఆర్కే బీచ్ అయితే ఇసుకలో వెనగ్గా కూర్చోండి, నీళ్ళలోకి దిగొద్దు, అక్కడ అలల లాగుడు ఎక్కువ, పరధ్యానంగా ఉన్న మనిషికి అది ఇంకా ప్రమాదం. రాజమండ్రి వాళ్ళకి గోదావరి గట్టుంది, ఊళ్ళలో ఉన్నవాళ్ళకి చెరువు కట్ట మీద చింతచెట్టో రావిచెట్టో ఎలాగూ ఉంటుంది.

చితాభస్మం కలిపిన ఘాటుకి మాత్రం మొదటి నెలలో వెళ్ళకండి. అదే నది కావాలనుకుంటే ఇంకో రేవుకి వెళ్ళండి. ఆ ఘాటుకెళ్తే నీళ్ళు కనబడవు, ఆ రోజే కనబడుతుంది.

2. ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి. "ఫలానా చోట ఉంటా, 40 నిమిషాల్లో వస్తా." అంతే. భర్త పోయిన ఆడవాళ్ళకి ఇక్కడే పెద్ద చిక్కు, "ఏడాది కూడా తిరగలేదు, అప్పుడే పొద్దున్నే షికార్లా" అని ఎవరో ఒక పెద్దావిడ అంటుంది. ఆవిడతో వాదన పెట్టుకోకండి, ఆ ఓపిక మీకు లేదు. నడవమని డాక్టరు చెప్పాడని అనెయ్యండి, మనవాళ్ళు డాక్టరు మాటకి తగ్గినంత దేనికీ తగ్గరు. అదీ కుదరకపోతే డాబా మీద, పెరట్లో కూర్చోండి, చెయ్యాల్సిన పనులన్నీ ఇవే.

3. తెల్లవారాక వెళ్ళండి, చీకట్లో వద్దు. మీకు మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చేస్తుందని తెలుసు, నాకూ వచ్చేది. అయినా వెలుతురు వచ్చేదాకా ఆగండి. మన దగ్గర మేలో పావు తక్కువ ఆరుకే సూర్యుడొస్తాడు, జనవరిలో పావు తక్కువ ఏడవుతుంది. ఎండాకాలం పది తర్వాత, సాయంత్రం నాలుగు లోపు బయట కూర్చోవద్దు. వానాకాలం గడ్డి ఎత్తుగా ఉన్నచోట కాలు పెట్టొద్దు, పురుగూ పుట్రా ఉంటాయి, సిమెంటు బెంచీ చాలు.

4. కూర్చునే ముందు ఒక చుట్టు నడవండి, అరికాళ్ళు గమనిస్తూ. మడమ ఆనింది, ముందుపాదం ఆనింది, అంతవరకే. చెప్పులు విప్పి గడ్డిలో నడవమని అందరూ చెప్తారు, నేను చెప్పను, మన పార్కుల్లో పల్లేరుకాయలు, గాజుపెంకులు రెండూ ఉంటాయి.

5. అలారం పెట్టండి, కూర్చోండి, కళ్ళు తెరిచే ఉంచండి. ఇది గట్టిగా చెప్తున్నాను. చాలామందికి ఇక్కడే చెడుతోంది. మామూలుగా ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుంటే చీకటి, మనం మూసుకుంటే ఆసుపత్రి. వెంటిలేటరు చప్పుడు, సంతకం పెట్టమన్న కాగితం, ఆఖరిసారి పట్టుకున్న చెయ్యి. వాటితో కుస్తీ పట్టడానికి మనం ఇక్కడికి రాలేదు. కళ్ళు తెరిచి, మీకు బారెడు దూరంలో ఉన్న ఒకే ఒక్కదాన్ని ఎంచుకోండి. కానుగ బెరడు మీద చీమల బారు నాది. చూస్తూ లోపల మామూలు మాటల్లో చెప్పుకోండి, కవిత్వం వద్దు. "చీమ. ఎదురుగా ఇంకోటి. రెండూ ఆగాయి. మూతులు తాకించుకున్నాయి. ఇది పక్కకి జరిగింది. ఆ వెనకది ఏదో మోస్తోంది, ఉసిళ్ళ రెక్క కావచ్చు, దానికన్నా మూడింతలుంది, బెరడు పగులు దగ్గర ఇరుక్కుంది, వెనక్కి లాగుతోంది, ఇప్పుడు అడ్డంగా తిప్పింది." ఇలా. తర్వాత ఏమవుతుందో మీకు తెలియనిదేదైనా సరే బాగా పనికొస్తుంది. రాలడానికి సిద్ధంగా ఉన్న పండుటాకు, నీళ్ళ మీద నడిచే పురుగు, గూడుకి పుల్ల మోసే కాకి.

పువ్వులు, సూర్యోదయం లాంటివి మొదట్లో ఎంచుకోకండి. అందమైనవి చూడగానే "ఇది తను చూడలేదు కదా" అని వస్తుంది. చీమని చూస్తే అలా రాదు, కనీసం వెంటనే రాదు.

6. ఐదు నిమిషాలయ్యాక చెవులు. దూరంగా ఉన్న చప్పుడు నుంచి మొదలుపెట్టి దగ్గరికి రండి. ఆర్టీసీ బస్సు, కుక్కరు విజిలు, చీపురు ఊడుస్తున్న చప్పుడు, గోరింకల గొడవ, చివరికి మీ ఊపిరి. ట్రాఫిక్ వినబడితే ప్రకృతి చెడిపోయిందని చిరాకు పడకండి, అదీ ఒక చప్పుడే. పొదల్లోంచి "కూప్ కూప్ కూప్" అని లోతుగా, కుండలోంచి వచ్చినట్టు వినబడితే అది జెముడుకాకి. ఎర్ర కళ్ళు, ఇటుకరంగు రెక్కలు, నేల మీద దొంగలా నడుస్తుంది, ఒకసారి కనబడిందంటే మర్నాడు మీ చెవులే దాన్ని వెతుక్కుంటాయి. ఇయర్‌ఫోన్స్ వద్దన్నది ఇందుకే.

7. దుఃఖం వచ్చినప్పుడు. వస్తుంది. పిలవకుండా, సంబంధం లేని చోటు నుంచి వస్తుంది.

మొదటి వారంలోనే ఒక పొద్దున, వాకింగు చేస్తున్న ఒక పెద్దాయన ఆగి వేపకొమ్మ వంచి పుల్ల విరిచాడు. టప్‌మన్న ఆ చప్పుడు, వెంటనే ఆ పచ్చి చేదు వాసన. మా నాన్న రోజూ చేసే పని అది. పుల్ల విరిచి, ఈనెలు గీసి, చివర నమిలి కుంచెలా చేసుకుని, అది నోట్లో ఉండగానే పేపరు మొత్తం చదివేవాడు, మధ్యలో మనం ఏమడిగినా "ఊఁ" అనే. నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, గట్టిగా, శబ్దం బయటికొచ్చేలా ఏడ్చేశాను. ఆయన కంగారుపడి "ఏమ్మా, ఒంట్లో బాలేదా" అన్నాడు. నాన్న గుర్తొచ్చాడండీ అన్నాను. ఏమనాలో తెలియక కాసేపు నిలబడి, "నీళ్ళు తాగమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఆ సలహా మంచిదే, నేనిప్పుడు అందరికీ అదే చెప్తున్నాను. క్రమం ఇది: ఏడుపు రానివ్వండి, ఆపొద్దు, అలాగని ఆ జ్ఞాపకం వెంట పడి ఆసుపత్రి దాకా కూడా వెళ్ళొద్దు. ఒక అరచెయ్యి చెట్టు బెరడుకి ఆనించండి, గరుకు తెలియాలి. "నాన్న గుర్తొచ్చాడు" అని పైకే ఒకసారి అనండి, మీవాళ్ళు ఎవరైతే వాళ్ళు. రెండు గుక్కలు నీళ్ళు తాగండి. తర్వాత మళ్ళీ ఆ చీమ దగ్గరికే రండి, అది ఈపాటికి పగులు దాటేసి ఉంటుంది. ఇరవై నిమిషాల్లో ఇలా పదిసార్లు జరిగినా పదిసార్లూ అలాగే తిరిగి రండి. "కుదరడం లేదు" అని నాకు ఫోన్ చేసేవాళ్ళలో సగం మంది ఈ తిరిగి రావడాన్నే తప్పు అనుకుంటున్నారు, అసలు పని ఇదే.

ఆసుపత్రి దృశ్యం సినిమాలా కళ్ళముందు తిరగడం మొదలై ఆగకపోతే బెరడు చాలదు. లేచి నిలబడండి, మొహాన నీళ్ళు కొట్టుకోండి, మెల్లగా తల తిప్పుతూ కనబడినవాటి పేర్లు బయటికి చెప్పండి, గేటు, కుళాయి, నీలం డ్రమ్ము, కుక్క. గుండె దడ తగ్గితే నడుచుకుంటూ ఇంటికొచ్చెయ్యండి. అలారం మోగలేదని బలవంతాన కూర్చోవద్దు. వరసగా నాలుగైదు రోజులు ఇలాగే అయితే ఇది మీకు ఇప్పుడు సరిపడే పని కాదు, కొన్నాళ్ళు ఆపి కౌన్సెలర్‌ని కలవండి.

8. వాళ్ళకి ఒక మాట చెప్పాలనిపిస్తే చెప్పండి. ఇది ఐచ్ఛికం. "నాన్నా, ఇవాళ చీమ రెక్క మోసింది." ఇంత చిన్న మాటే. ఎందుకు వెళ్ళిపోయావు, నేను ఇంకాస్త ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళుంటే, ఈ దారిలోకి వెళ్ళొద్దు, కనీసం ఈ ఇరవై నిమిషాల్లో. ఎవరైనా వింటారేమోనని సిగ్గయితే ఫోన్ చెవి దగ్గర పెట్టుకోండి, ఈ రోజుల్లో అందరూ గాల్లోకే మాట్లాడుతున్నారు.

9. అలారం మోగాక ఒక్క వాక్యం రాయండి. తేదీ, చూసింది. "చెట్టు కింద కొత్తగా మూడు కాయలు పడ్డాయి." మీ బాధ గురించి ఇక్కడ రాయొద్దు, దానికి ఇంకో పుస్తకం పెట్టుకోండి. రాసి, దారిలో టీ తాగి ఇంటికెళ్ళండి. టీ కూడా ఇందులో భాగమే, నాలుగింటికి లేచిన కడుపు అది.

ఎక్కువమంది చేస్తున్న తప్పులు

ప్రశాంతత కోసం వెళ్ళడం అన్నిటికన్నా పెద్దది. ప్రతి రెండు నిమిషాలకీ "వచ్చిందా, వచ్చిందా" అని లోపల చూసుకుంటుంటే బయట చీమ కనబడదు.

రెండోది వెళ్ళగానే ఫోటో తీయడం. తీస్తే ఎవరికో పంపాలనిపిస్తుంది, పంపితే వాళ్ళు "ఎలా ఉన్నావ్" అంటారు, అక్కడితో ఆ రోజు పని అయిపోయింది. మొదటి నెలంతా వద్దు.

చుట్టాలు మీ మంచి కోరి అరకు తీసుకెళ్తాం, అనంతగిరి కొండలకి పోదాం అంటారు. వెళ్ళొద్దని కాదు, వెళ్ళండి, కానీ అది ఇదీ ఒకటి కాదు. కార్లో ఆరుగురు, పాటలు, మీ మొహం మీద నవ్వు వస్తుందేమోనని అందరి కళ్ళూ మీ మీదే, అది వేరే అలసట. ఇక జపాన్ వాళ్ళ షిన్రిన్ యోకు, అదే అడవి స్నానం అంటారే, 1982లో వాళ్ళ అటవీ శాఖ పెట్టిన పేరు, దాని గురించి చదివి "మాకు అడవి లేదే" అని మానేసినవాళ్ళు కూడా ఉన్నారు. ఒక్క చెట్టు చాలండీ.

ఇంకొకటి, దీన్ని తప్పు అని కూడా అనకూడదు. ఏదో ఒకరోజు పిట్టల పోట్లాట చూసి నవ్వొస్తుంది, వెంటనే "వాడు పోయి రెండు నెలలు కాలేదు, నేను నవ్వుతున్నానా" అని ఒళ్ళు జలదరిస్తుంది, మర్నాడు నుంచి వెళ్ళడం మానేస్తారు. మానకండి. దుఃఖం మీద పనిచేసిన స్ట్రోబ్, షుట్ అనే ఇద్దరు 1999లోనే రాశారు, పోయినవాళ్ళ వైపు కొంతసేపు, బతుకు వైపు కొంతసేపు, ఇలా అటూ ఇటూ ఊగడమే మనిషి కోలుకునే తీరు అని. నవ్విన రోజు కూడా ఆ ఊగడంలోదే.

పని జరుగుతోందా లేదా ఎలా చూసుకోవాలి

ఏడుపు తగ్గిందా అని కొలవొద్దు, అది పెరుగుతుంది, తగ్గుతుంది, పండగొస్తే మళ్ళీ పెరుగుతుంది. నోటుబుక్కు తీసి చూడండి. నా మొదటి వారం వాక్యాలు "చెట్టు ఉంది", "చీమలు", ఒకరోజయితే ఉత్త తేదీ. ఆరో వారానికి "పాత ఆకులన్నీ రాలాయి, కొత్తవి లేతగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి, నిన్న ఇన్ని లేవు" అని ఉంది. వాక్యం పొడుగైతే, అందులో "నిన్న" అనే మాట వస్తే, పని జరుగుతున్నట్టే. రెండో గుర్తు, బెరడు దగ్గర్నుంచి చీమ దగ్గరికి తిరిగి రావడానికి పట్టే టైము తగ్గుతుంది. మూడోది ఇంట్లో తెలుస్తుంది, అన్నం రుచి తెలియడం, కూరలో ఉప్పు ఎక్కువైందని మళ్ళీ గొణగడం.

నెల చేసినా వాక్యాలు అలాగే ఉంటే చోటు మార్చి చూడండి, లేదా వేళ మార్చండి, కొందరికి పొద్దున కన్నా కొంగలు గూళ్ళకి చేరే సాయంత్రం బాగుంటుంది. ఆరు నెలలు దాటినా మొదటి వారంలో ఉన్నంత తీవ్రంగానే ఉండి, ఉద్యోగం, వంట, పిల్లల పని ఏదీ చెయ్యలేకపోతుంటే, దాన్ని వైద్యంలో విడిగా గుర్తించిన సమస్యగానే చూస్తారు, చికిత్స ఉంది, సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళడానికి మొహమాటపడకండి.

బయటికి వెళ్ళలేనివాళ్ళకి

మంచం పట్టిన అత్తగారో, చంటిపిల్లో ఉంటే బాల్కనీలో తులసి కుండీ చాలు, ఆకు అడుగున ఏముందో చూడండి. అపార్టుమెంటులో అదీ లేకపోతే కిటికీలోంచి ఆకాశం, ఒక మబ్బుని ఎంచుకుని భవనం చాటుకి వెళ్ళేదాకా చూడండి. న్యూజెర్సీలో జనవరిలో ఉన్నవాళ్ళు, మంచులో కూర్చోమని ఎవరూ అనడం లేదు, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని మోడు చెట్టు మీదికి వచ్చే ఉడతని చూడండి. అంత్యక్రియలకి రాలేక వీడియోకాల్లో చూసినవాళ్ళు అక్కడ ఉంటారు, వాళ్ళకి పైన చెప్పిన ఏడోది, దుఃఖం వచ్చినప్పటి సంగతి, ఇంకా గట్టిగా తగులుతుంది, మొదట పది నిమిషాలే పెట్టుకోండి.

మాసికం, ఏడాది, వాళ్ళ పుట్టినరోజు

ఆ రోజుల్లో చెట్టు దగ్గరికి ముందురోజే వెళ్ళొచ్చెయ్యండి. ఆ రోజు ఇంట్లో పని, బ్రాహ్మడు, భోజనాలు, కుదరదు. మీకు దొరికేది గోడ మీద పిండమో అన్నం ముద్దో పెట్టి కాకి కోసం ఆగిన ఆ పది నిమిషాలే. ఎవరో వెనక నుంచి "ఇంకా రాలేదేంటి, ఏదో కోరిక మిగిలిపోయినట్టుంది" అంటూనే ఉంటారు, అననివ్వండి. మీరు మాత్రం కాకిని చూడండి. ముందు తీగ మీద వాలుతుంది, మెడ పక్కకి వంచి ఒక కన్నుతో చూస్తుంది, గోడ మీదికి దిగుతుంది, మూడు గెంతుల్లో వచ్చి ఒక మెతుకు లాగి వెనక్కి పోతుంది, మళ్ళీ వస్తుంది. తిన్నాక ముక్కుని గోడకి ఇటోసారి అటోసారి రుద్దుకుంటుంది. అందరూ ఈపాటికి భోజనాలకి లేచిపోయుంటారు, మీరు అది ఎగిరేదాకా ఉండండి.